పాస్‌బుక్కులో పైసలు కనిపిస్తే ఆగి చూడండి: పొదుపు ఖాతా నుంచి డబ్బు తీసేటప్పుడు పడే ఛార్జీలు తప్పించుకోవడం ఎలా?

ఏటీఎంలో మనం తీసే డబ్బు ఎప్పుడూ వందల్లోనే ఉంటుంది. ఐదు వందలు, రెండు వేలు, పది వేలు. ఏ మిషనూ పైసలు ఇవ్వదు. అందుకని పాస్‌బుక్కు తెరిచి, డబ్బు తగ్గిన వరుసలో 27.14, 23.60, 17.70 వంటి అంకెలు కనిపిస్తే అక్కడ ఆగండి. అది మీరు తీసుకున్న సొమ్ము కాదు, బ్యాంకు తీసుకున్న ఛార్జీ. ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది కాబట్టి ఆ అంకెకు చాలాసార్లు పైసల తోక వస్తుంది. ఈ ఒక్క గుర్తు చాలు, ఖాతాలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి.

నాకిది మా అమ్మ పాస్‌బుక్కు నేర్పింది. అమ్మ చంద్రగిరి దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. నాన్న పోయాక వచ్చే కుటుంబ పింఛను ఆమె ఖాతాలో పడుతుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పాస్‌బుక్కు తీసుకుని తిరుపతిలోని శాఖలో ప్రింటు వేయించాను. ఒకే నెలలో 27.14 రెండుసార్లు, 12.98 ఒకసారి కనిపించాయి. మొత్తం 67 రూపాయల 26 పైసలు. ఆ నెలలో అమ్మ తీసుకున్నది ఐదు వందల చొప్పున మూడుసార్లు, అంటే పదిహేను వందలు. నాలుగోసారి మిషనులో నోట్లే లేవు. పదిహేను వందలు తన చేతికి రావడానికి 67 రూపాయలు పోయాయి. ఇప్పుడు పెద్ద బ్యాంకుల్లో పొదుపు ఖాతా వడ్డీ ఏడాదికి 2.5 శాతం చుట్టూ ఉంది. పదివేలు నెలంతా కదపకుండా ఉంచితే వచ్చే వడ్డీ 21 రూపాయలు కూడా కాదు. అంటే పదివేల మీద మూడు నెలల వడ్డీ ఒక్క నెల ఛార్జీలకే చాలలేదు.

"నాలుగుసార్లే కదమ్మా వెళ్లావు, ఐదుసార్లు ఉచితం కదా?" అని అడిగాను. అడుగుతుండగానే విషయం అర్థమైంది. అమ్మ ప్రతిసారీ ముందు బ్యాలెన్స్ చూసుకుని, ఆ తర్వాత డబ్బు తీస్తుంది. "ఉందో లేదో చూసుకోకుండా ఎలా తీస్తాను నాయనా?" అంది. ఆమె జాగ్రత్తలో తప్పేమీ లేదు. కానీ మా ఊరి ఏటీఎం ఆమె బ్యాంకుది కాదు. అక్కడ బ్యాలెన్స్ చూసినా అది ఒక లావాదేవీయే. నాలుగుసార్లు వెళ్లింది, ఎనిమిది లావాదేవీలు అయ్యాయి. ఐదు ఉచితం పోగా మిగిలిన మూడింటికి ఛార్జీ పడింది.

ఇది అమ్మ ఒక్కదాని సంగతి కాదు. ఏటీఎం ముందు వరుసలో నిలబడి చూడండి, పెద్దవాళ్లలో చాలామంది ఇలాగే చేస్తారు. అందుకే మీ ఇంట్లో ఎవరి ఖాతా అయినా ముందు పెట్టుకుని, కింద చెప్పిన వరుసలో పని మొదలుపెట్టండి.

ముందు పాస్‌బుక్కు ప్రింటు వేయించి, పైసలున్న వరుసలకు గీత పెట్టండి

కనీసం ఆరు నెలల లావాదేవీలు చేతిలో ఉండాలి. శాఖలో ఇచ్చినా, పాస్‌బుక్కు ప్రింటింగ్ మిషనులో వేసుకున్నా, ఫోనులోని బ్యాంకు యాప్‌లో స్టేట్‌మెంట్ తీసినా ఫరవాలేదు. పెద్దవాళ్లకు కాగితమే మేలు, వేలుపెట్టి చూపించవచ్చు. జమ వైపు ఉన్న పైసలను వదిలేయండి, అది వడ్డీ. ఖర్చు వైపున్న పైసలకు మాత్రం పెన్సిలుతో గీత పెట్టండి. ఫోను రీఛార్జి, కరెంటు బిల్లు వంటివి మీరు కట్టినవే అయితే వాటిని పక్కన పెట్టండి. మిగిలినవన్నీ దాదాపుగా ఛార్జీలే.

ఆ అంకెలను ఇలా చదవాలి. 27.14 అంటే నెలవారీ ఉచిత పరిమితి దాటి ఏటీఎంలో డబ్బు తీశారని అర్థం: 23 రూపాయలు, దాని మీద జీఎస్టీ 4.14. పరిమితి దాటిన ప్రతి లావాదేవీకి బ్యాంకు గరిష్ఠంగా 23 రూపాయలు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 మే 1 నుంచి అనుమతించింది. అంతకుముందు, 2022 జనవరి నుంచి అది 21 రూపాయలు. అందుకే పాత పేజీల్లో 24.78 కనిపిస్తుంది. 23.60 లేదా 29.50 ఉంటే, ఖాతాలో సరిపడా డబ్బు లేకుండా ఏటీఎంలో తీయబోయారని అనుకోవచ్చు. దీనికి చాలా బ్యాంకులు 20 లేదా 25 రూపాయలు వేస్తాయి. 12.98 వంటి చిన్న అంకె బ్యాలెన్స్ చూసినందుకు పడుతుంది. ఇది బ్యాంకును బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. 17.70 సాధారణంగా మూడు నెలలకోసారి పడే మెసేజ్‌ల ఛార్జీ. 147.50, 236 వంటివి ఏడాదికోసారి కార్డుకు వేసేవి. 236లాగే పైసలు లేకపోయినా, 177 ఉంటే ప్రైవేటు బ్యాంకు శాఖ కౌంటరులో ఉచితంగా ఇచ్చే సార్లు దాటి నగదు తీశారేమో చూడండి.

పక్కనున్న పొట్టి అక్షరాలు అర్థం కాకపోతే సిగ్గుపడకండి. కౌంటరులో ఉన్నవారికి ఆ వరుస చూపించి, "ఇది దేనికి వేశారు?" అని అడగండి. చెప్పడం వారి పని.

ఏటీఎం ఎవరిదో తెలుసుకోండి

నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదే. చాలామంది దీన్ని పట్టించుకోరు.

మీ సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు కనీసం ఐదుసార్లు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో, మెట్రో నగరాల్లో అయితే నెలకు మూడు, మిగతా ఊళ్లలో ఐదు. మెట్రోలంటే ఆరే: ముంబై, న్యూఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్. తిరుపతి, చిత్తూరు, వేలూరు, విజయవాడ అన్నీ మెట్రో కాని ఊళ్లే. లెక్క ఒకటో తారీఖు నుంచి నెలాఖరు వరకు. ఎక్కువ నిల్వ ఉంచేవారికి, జీతం ఖాతాలకు కొన్ని బ్యాంకులు ఇంతకన్నా ఎక్కువే ఇస్తాయి. మీ ఖాతాకు ఎన్నో ఒకసారి అడిగి పాస్‌బుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి.

సొంత ఏటీఎంలో, ఇతర ఏటీఎంలో ఒకే పని చేసినా లెక్క వేరు. సొంత బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూడటం, చెక్కుబుక్కు అడగటం, డబ్బు బదిలీ చేయడం వంటివి ఉచిత సార్ల లెక్కలోకి రావని రిజర్వ్ బ్యాంకు 2019 ఆగస్టులో స్పష్టం చేసింది. ఇతర బ్యాంకు ఏటీఎంలో మాత్రం బ్యాలెన్స్ చూడటం, మినీ స్టేట్‌మెంట్ తీయడం కూడా ఒక్కో లావాదేవీయే. అమ్మ ఖాతాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

ఇప్పుడు ఏటీఎంను గుర్తుపట్టడం. గది మీది బోర్డు, మిషను మీది పేరు, రశీదు పైన ఉన్న పేరు, ఈ మూడూ చూడండి. పల్లెల్లో, చిన్న సెంటర్లలో కనిపించే ఇండియా1, ఇండిక్యాష్, మనీ స్పాట్ వంటి మిషన్లు ఏ బ్యాంకువీ కావు, వాటిని నడిపేవి కంపెనీలు. మీ కార్డు ఏ బ్యాంకుదైనా సరే, అక్కడ తీస్తే ఇతర బ్యాంకు ఏటీఎం లెక్కే.

విలీనాల వల్ల మన ప్రాంతంలో ఇంకో గందరగోళం ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్పొరేషన్ బ్యాంకు కూడా అందులోనే కలిసింది. సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరా బ్యాంకులో చేరింది. పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకు ఏటీఎం" అంటూ ఊరంతా తిరిగేవాళ్లున్నారు. ఆంధ్రా బ్యాంకు పాత ఖాతాదారులకు ఇప్పుడు ఏ యూనియన్ బ్యాంకు ఏటీఎం అయినా సొంతదే. పక్కనే ఉన్నా తెలియక ఇతర బ్యాంకు ఏటీఎంలో తీస్తే పోయేది మన డబ్బే.

చిత్తూరు కేంద్రంగా 2006 నుంచి నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మన పల్లెల్లో రైతుల ఖాతాలు, మహిళా సంఘాల ఖాతాలు అందులో చాలానే ఉన్నాయి. గ్రామీణ బ్యాంకుకు ఏటీఎంలు తక్కువ కాబట్టి ఆ కార్డుతో తీసే డబ్బు ఎక్కువగా ఇతర బ్యాంకు లెక్కలోకే పోతుంది. ఆ ఖాతా ఉన్నవారు శాఖకు వెళ్లినప్పుడు రెండు సంగతులు అడగండి: నా కార్డుకు సొంత ఏటీఎంగా లెక్కించేవి ఏవి? స్పాన్సర్ బ్యాంకు (గ్రామీణ బ్యాంకు వెనక ఉన్న పెద్ద బ్యాంకు) ఏటీఎంలు అందులోకి వస్తాయా?

బ్యాలెన్స్ చూసుకోవడానికి ఏటీఎంకు వెళ్లకండి

చూసుకోవద్దని కాదు, అక్కడ చూడొద్దని. ప్రతి బ్యాంకుకూ మిస్డ్ కాల్ నంబరు ఒకటి ఉంటుంది. ఖాతాకు జతచేసిన ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇస్తే నిమిషంలో మెసేజ్ వస్తుంది. ఆ నంబరును పాస్‌బుక్కు మీద చూసి గానీ, శాఖలో అడిగి గానీ తీసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే నంబర్లను నమ్మవద్దు, మోసగాళ్లు పెట్టినవి అందులో ఉంటాయి. యూపీఐ యాప్ ఉంటే అందులోనే చూడవచ్చు. బటన్ ఫోను ఉన్నవారు యూపీఐ పిన్ పెట్టుకుంటే స్టార్ 99 హ్యాష్ కొట్టి చూసుకోవచ్చు, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

అమ్మ ఫోనులో ఆ నంబరును "బ్యాంకు" అని పేరు పెట్టి, రెండో బటన్ నొక్కి పట్టుకుంటే వెళ్లేలా పెట్టాను. మొదటి వారం రోజుకు రెండుసార్లు చేసి చూసుకుంది. చేసుకోనివ్వండి, దానికి ఖర్చు లేదు.

బ్యాలెన్స్ చూడకుండా తీస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఖాతాలో 4,800 ఉంటే 5,000 నొక్కారనుకోండి, డబ్బు రాదు, పైగా 23.60 పోతుంది. అదే పిన్ తప్పు కొట్టినందుకు, మిషనులో నోట్లు లేనందుకు, సాంకేతిక లోపం వల్ల రాకపోయినందుకు ఛార్జీ వేయకూడదు, అవి ఉచిత సార్ల లెక్కలోకి కూడా రావు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి తిరుపతి బస్టాండు దగ్గర, అలిపిరి వైపు మిషన్లు ఖాళీ అయిపోతుంటాయి. అటువంటి రోజుల్లో మూడు ఏటీఎంలు తిరిగి ఉత్త చేతులతో వచ్చినా ఖాతాలో ఛార్జీ పడకూడదు. పడితే వెనక్కి అడగండి.

నెలకు ఎంత నగదు కావాలో ముందే లెక్క వేసుకోండి

ఛార్జీ పడేది మీరు తీసిన మొత్తాన్ని బట్టి కాదు, తీసిన సార్లను బట్టి. ఐదు వందలు తీసినా, పదివేలు తీసినా లావాదేవీ ఒకటే. అమ్మకు పాలు, కూరగాయలు, మందులు, ఆటో, గుడి ఖర్చులు కలిపి నెలకు ఐదారు వేలు నగదు కావాలి. దాన్ని రెండుసార్లుగా తీసుకోమన్నాను: ఒకటి పింఛను పడిన మరునాడు, రెండోది నెల మధ్యలో. ఇంట్లో అంత డబ్బు పెట్టుకోవడానికి మొదట ఆమె ఒప్పుకోలేదు. ఒంటరిగా ఉండేవారికి ఆ భయం సహజం, దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే ఒకేసారి మొత్తం తీయమని చెప్పలేదు. మీ పెద్దవాళ్లకు కూడా వారి ధైర్యాన్ని బట్టి రెండో మూడో సార్లుగా పెట్టండి, ఐదుకు లోపు ఉంటే చాలు.

నెలాఖరులో ఐదూ అయిపోయి ఉంటే, అత్యవసరం కాకపోతే ఒకటో తారీఖు దాకా ఆగండి. లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పెద్ద మొత్తం కావాల్సినప్పుడు లెక్క మారుతుంది. ఇతర బ్యాంకు ఏటీఎంలలో చాలావరకు ఒక్కసారికి పదివేలకు మించి రావు. చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు అక్కడికి చేరాక నలభై వేలు తీయాలనుకుంటారు. పదివేల చొప్పున నాలుగుసార్లు నొక్కాలి. ఆ నెలలో అప్పటికే మూడుసార్లు ఇతర ఏటీఎంలలో తీసి ఉంటే మొత్తం ఏడు అవుతాయి, రెండింటికి 54.28 పోతుంది. రోజుకు ఇంతే అన్న కార్డు పరిమితి కూడా అడ్డం రావచ్చు. అదే బయలుదేరే ముందురోజు మీ శాఖకు వెళ్లి విత్‌డ్రాయల్ ఫారం రాసి, పాస్‌బుక్కు ఇచ్చి తీసుకుంటే ఏటీఎం లెక్కలోకే రాదు. అన్నింటికన్నా మేలు, ఆసుపత్రిలో డెబిట్ కార్డుతోనో యూపీఐతోనో నేరుగా కట్టేయడం. దుకాణాల్లో, ఆసుపత్రుల్లో కార్డు గీసి కట్టిన డబ్బు ఏటీఎం లావాదేవీ కాదు.

చెన్నై, బెంగళూరు వెళ్లేవారికి ఒక హెచ్చరిక. మెట్రో లెక్క మీరు ఏ ఊరివారన్న దాన్ని బట్టి ఉండదు, ఏటీఎం ఏ ఊళ్లో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. తిరుపతిలో ఐదుసార్లు అలవాటైన కార్డుకు చెన్నైలో మూడే. పైగా చాలా బ్యాంకులు ఆ మూడింటినీ ఐదులో భాగంగానే చూస్తాయి, విడిగా మూడు, విడిగా ఐదు అని ఇవ్వవు. బెంగళూరులో చదువుకునే పిల్లలున్న పలమనేరు, కుప్పం వైపు తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లలకు చెప్పండి. హాస్టలు కింద ఉన్న ఏటీఎంలో వారానికి రెండుసార్లు ఐదు వందలు తీస్తే నెలకు ఎనిమిదిసార్లు అవుతుంది. అది ఇతర బ్యాంకుదైతే ఐదింటికి ఛార్జీ, అంటే 135 రూపాయల 70 పైసలు. పిల్లలు చదివే ఊళ్లో దగ్గరగా ఏటీఎం ఉన్న బ్యాంకులో ఖాతా తెరిపిస్తే ఈ బాధ ఉండదు.

కార్డు లేకుండా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యూపీఐతో ఏటీఎంలో నగదు తీసే సదుపాయం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. కార్డు వాడలేదు కదా అని దాన్ని ఉచితం అనుకోవద్దు. దానికి కూడా మామూలు ఏటీఎం నిబంధనలే.

వేలిముద్ర పెట్టి తీసేచోట చేతికి అదనంగా ఇవ్వకండి

ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర, సేవా కేంద్రాల దగ్గర ఆధార్, వేలిముద్రతో డబ్బు తీసుకునేవారు చాలామంది. ఉపాధి పని కూలి, పిల్లల చదువుకు వచ్చిన తల్లికి వందనం డబ్బు వంటివి ఎక్కువగా ఇలాగే చేతికి వస్తాయి. కొన్నిచోట్ల వెయ్యికి పది రూపాయల చొప్పున పట్టుకుని ఇస్తారు. పదమూడు వేలు తీస్తే 130 రూపాయలు పోయినట్టు. ఇది తప్పు. బ్యాంకు తరఫున పనిచేసే ప్రతినిధి ఖాతాదారు దగ్గర నేరుగా ఏ ఛార్జీ వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అతనికి రావాల్సిన కమీషన్ బ్యాంకే ఇస్తుంది. కూలి డబ్బులో పది రూపాయలు కూడా చిన్నవి కావు. ఆ డబ్బు వెనక ఒక పూట ఎండ ఉంది.

వేలిముద్ర పెట్టే ముందు మిషను తెర మీది అంకెను చదవండి, లేదా పక్కవారి చేత చదివించుకోండి. రశీదు అడిగి తీసుకోండి. ఎంత కోత పడిందో, చేతికి ఎంత వచ్చిందో ఆ కాగితం మీద రాసుకోండి. తక్కువ ఇస్తే ఆ రశీదుతో ఆ ప్రతినిధి ఏ బ్యాంకు శాఖ కింద పనిచేస్తాడో అక్కడికి వెళ్లి చెప్పండి. ఒకరిగా వెళ్లడానికి మొహమాటమైతే సంఘం అక్కలు నలుగురు కలిసి వెళ్లండి.

మీ ఖాతా రకం సరైనదేనా చూడండి

నెలకు రెండు మూడుసార్లు తీసేవారికి, నిల్వ ఎక్కువ ఉండనివారికి ప్రాథమిక పొదుపు ఖాతా ఉంటుంది. అందులో కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డుకు వార్షిక ఛార్జీ లేదు, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. ఆ నాలుగులో ఏటీఎంలో తీసినవి కూడా కలుస్తాయి. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలు ఈ కోవలోవే. ఈ ఖాతా ఉన్న బ్యాంకులోనే మరో పొదుపు ఖాతా పెట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. మామూలు ఖాతాను ఇలా మార్చమని శాఖలో రాతపూర్వకంగా అడగవచ్చు.

కనీస నిల్వ సంగతి కొంచెం తేలికపడింది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఆ జరిమానా ఎత్తేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా జులై నుంచి సాధారణ పొదుపు ఖాతాలకు తీసేశాయి. ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఇంకా ఉంది. అక్కడ ఖాతా ఉంటే చివరి రూపాయి దాకా తీయకండి. అయినా జరిమానా వేసే ముందు బ్యాంకు మీకు తెలియజేసి, నిల్వ సరిచేసుకోవడానికి నెల రోజులు ఇవ్వాలి. తగ్గిన మొత్తాన్ని బట్టే జరిమానా ఉండాలి. ఈ జరిమానాల వల్లనే ఖాతా సున్నా కిందికి పోకూడదు. రెండేళ్లుగా వాడని ఖాతాలో కనీస నిల్వ జరిమానా అసలు వేయకూడదు, దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చినందుకు కూడా ఛార్జీ తీసుకోకూడదు.

అప్పు కంతు ఆటోమేటిక్‌గా కట్టేలా పెట్టుకున్నవారు ఆ తేదీకి ముందు నగదు తీసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మూడో తారీఖున అంతా తీసేసి, ఐదున కంతు వెనక్కి పోతే బ్యాంకు వేసేది 27 రూపాయలు కాదు, వందల్లో ఉంటుంది. అప్పు ఇచ్చిన సంస్థ విడిగా మళ్లీ వేస్తుంది.

డబ్బు రాలేదు, ఖాతాలో తగ్గింది అంటే

మిషను శబ్దం చేసి ఆగిపోయింది, నోట్లు రాలేదు, ఫోనుకు మాత్రం తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. కంగారుపడి వెంటనే మళ్లీ నొక్కకండి. ఒకటి రెండు నిమిషాలు అక్కడే నిలబడండి, నోట్లు ఆలస్యంగా రావచ్చు. రశీదు వస్తే దాచండి. రాకపోతే ఏటీఎం మీద అతికించిన నంబరును, సమయాన్ని, మొత్తాన్ని ఫోనులో ఫొటో తీయండి. ఏటీఎం ఎవరిదైనా ఫిర్యాదు ఇవ్వాల్సింది మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే.

లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం, మీరు అడగకపోయినా, బ్యాంకే ఖాతాలో వేయాలి. 2019 సెప్టెంబరు నాటి ఈ నిబంధన చాలామందికి తెలియదు. డబ్బు పన్నెండో రోజున వస్తే ఏడు రోజుల ఆలస్యానికి ఏడు వందలు మీకు రావాలి. రాకపోతే రాసి అడగండి.

తప్పుగా వేసిన ఛార్జీని వెనక్కి అడగండి

నోటితో అడిగితే "సిస్టం వేసింది" అన్న జవాబు వస్తుంది. మాకూ మొదట అదే వచ్చింది. అమ్మ ఛార్జీల్లో చివరి 27.14 నాడు ఆమె డబ్బు తీయనే లేదు, మిషనులో నోట్లు లేవు. రశీదులో ఆ మాట ఉంది కూడా. మర్నాడు ఒక తెల్లకాగితం మీద ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు, తేదీ, ఛార్జీ మొత్తం, అది ఎందుకు తప్పో రెండు వాక్యాలు రాసి, రశీదు నకలు జతచేసి ఇచ్చాం. రెండో ప్రతి మీద శాఖ ముద్ర వేయించుకున్నాం. వారం తిరగకుండా డబ్బు తిరిగి జమ అయింది. మిగిలిన రెండు ఛార్జీలు నిబంధన ప్రకారం వేసినవే కాబట్టి వాటిని అడగలేదు.

మీరూ అలాగే చేయండి. కాగితం మీద రాయండి, ముద్ర లేకుండా ఇంటికి రాకండి. యాప్‌లోనో, ఫోనులోనో ఫిర్యాదు చేస్తే వారిచ్చే సంఖ్యను అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లోనే ఇవ్వవచ్చు. ఎలా ఇవ్వాలో తెలియకపోతే 14448కు ఫోను చేస్తే చెబుతారు. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేసినట్టు రుజువు అక్కడ అడుగుతారు. అందుకే ఆ ముద్ర పడిన కాగితాన్ని పాస్‌బుక్కు అట్టలో మడిచి పెట్టుకోండి, ఫిర్యాదు సంఖ్యను దాని వెనక రాసుకోండి.